దంత ఇంప్లాంట్లు: సెలవుల లెక్క, ఎముక లెక్క

దోహా నగర కేంద్రానికి వాయవ్యంగా, అల్ రయ్యాన్ పురపాలక పరిధిలో ఉన్న అల్ ఘర్రాఫా వంటి పేటలలో నివసించే తెలుగు కుటుంబాలకు పంటి వైద్యం తరచుగా స్వదేశ ప్రయాణంతో ముడిపడిన విషయం. దవడ పన్ను ఒకటి పుచ్చి ఊడిపోతుంది. స్థానికంగా విచారిస్తే ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది. వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంప్లాంట్ పెట్టించుకొని రావచ్చునని ఇంట్లో నిర్ణయమవుతుంది. ఈ ఆలోచన తప్పు కాదు. అయితే ఇంప్లాంట్ అనేది దుకాణంలో కొనుక్కొని వెంట తెచ్చుకునే వస్తువు కాదు. అది ఎముకలో పాతుకొనవలసిన మూలం, దానికి పట్టే కాలాన్ని నిర్ణయించేది ఎముకే.

ఖతార్ కార్మిక చట్టం (2004లోని 14వ చట్టం) ప్రకారం ఐదేళ్ళ లోపు సర్వీసు గల ఉద్యోగికి ఏడాదికి కనీసం మూడు వారాలు, ఐదేళ్ళు నిండినవారికి కనీసం నాలుగు వారాలు సెలవు లభిస్తుంది. దవడలో అమర్చిన ఇంప్లాంట్ ఎముకతో అతుక్కొనడానికి సామాన్యంగా రెండు మూడు నెలలు, కొన్ని సందర్భాలలో ఆరు నెలలు పడుతుంది. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న అంతరమే ప్రవాసులకు అసలు సమస్య. నొప్పి గురించిన భయం దీని ముందు చాలా చిన్నది.

ఎముక లోహాన్ని తనలో కలుపుకొంటుందన్న సంగతి అనుకోకుండా బయటపడింది. 1952లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేళ్ళ ఎముకలలో రక్తప్రసరణను పరిశీలించేందుకు టైటానియంతో చేసిన చిన్న గొట్టాలను అమర్చాడు. ప్రయోగం ముగిసిన తరువాత వాటిని తీయబోతే అవి ఊడి రాలేదు. ఎముక వాటిని పట్టుకొని పెరిగింది. 1965లో గోస్టా లార్సన్ అనే రోగి క్రింది దవడలో తొలిసారిగా ఇటువంటి మూలాలను అమర్చారు. 2006లో అతడు మరణించే వరకు, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పని చేశాయి. అయినా వైద్యలోకం వెంటనే ఒప్పుకోలేదు. 1982లో కెనడాలోని టొరాంటోలో జరిగిన సదస్సు తరువాతనే ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

ఇంప్లాంట్‌లో మూడు భాగాలు ఉంటాయి. ఎముకలో దిగే టైటానియం మర ఒకటి. దానిపై బిగించే చిన్న స్తంభం రెండవది. కంటికి కనిపించే పింగాణీ లేదా జిర్కోనియా తొడుగు మూడవది. రోగి తాను పన్ను కోసం వచ్చానని అనుకుంటాడు. వైద్యుని దృష్టి మాత్రం మొదట ఎముకపై ఉంటుంది. పన్ను తీసిన చోట ఎముక ఊరికే ఉండదు. నమలే ఒత్తిడి లేక క్రమంగా కరిగిపోతుంది. తొలి ఏడాదిలోనే ఆ గట్టు వెడల్పులో దాదాపు సగం తగ్గవచ్చును. “వచ్చే సెలవులకు చూద్దాం” అని రెండు మూడేళ్ళు వాయిదా వేసినవారికి ఎముకను పెంచే అదనపు శస్త్రచికిత్స అవసరమయ్యేది ఇందువల్లనే.

మొదటి సందర్శనలో వైద్యుడు నోటిని పరీక్షించి, దవడ మొత్తాన్ని చూపే ఎక్స్‌రే తీయిస్తాడు. అవసరమైతే మూడు కొలతలలో చూపే స్కాన్ కూడా చేయిస్తాడు. క్రింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఎంత లోతున ఉన్నదో, పై దవడలో సైనస్ అనే గాలి గది ఎంత దగ్గరగా ఉన్నదో తెలియకుండా రంధ్రం చేయడం ప్రమాదకరం. ఈ చిత్రాలు చూడకుండానే ధర చెప్పి తేదీ ఇచ్చే చోట రోగి ఒకసారి ఆలోచించుకొనడం మంచిది.

శస్త్రచికిత్స నాడు చిగురుకు మత్తు సూది వేస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. నొప్పి తెలియదు, దవడలో కదలిక, ఒత్తిడి, యంత్రపు శబ్దం తెలుస్తాయి. చిగురును తెరచి, సన్నని దానితో మొదలుపెట్టి క్రమంగా లావు డ్రిల్లులతో ఎముకలో రంధ్రం చేస్తారు. ఆ సమయమంతా చల్లని సెలైన్ ద్రవం ధారగా పోస్తూనే ఉంటారు. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిని ఒక నిమిషానికి మించి తట్టుకోలేదని 1980లలోనే స్వీడన్‌లో ప్రయోగాలు తేల్చాయి. (దోహా వేసవిలో బయటి గాలి ఆ అంకెను అందుకొనే రోజులు ఉన్నాయి, కాని ఎముకకు ఆ అలవాటు లేదు.) ఒక్క ఇంప్లాంట్‌కు సాధారణంగా గంటలోపు సమయం చాలును. పన్ను పీకించుకొన్నప్పటి కంటే బాధ తక్కువగా ఉన్నదని చెప్పే రోగులు చాలామంది.

రెండు మూడు రోజులు బుగ్గ వాచుతుంది, కొంత రంగు మారవచ్చును. మొదటి రోజు పుక్కిలించరాదు, స్ట్రాతో త్రాగరాదు. గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చును. పెరుగన్నం, చల్లారిన జావ, మెత్తని ఇడ్లీ ఈ రోజులకు తగిన ఆహారం. ఆవకాయ, జంతికలు, వేపుళ్ళు ఎంత ప్రేమతో వడ్డించినా కొన్నాళ్ళు ప్రక్కన పెట్టవలసిందే. ఏడు నుండి పది రోజులకు కుట్లు తీస్తారు.

ఇక్కడే సెలవుల ప్రణాళిక చాలామందికి తలక్రిందులవుతుంది. పెళ్ళిళ్ళు, తిరుమల యాత్ర, భూమి రిజిస్ట్రేషను పనులు ముగిసి, విమానానికి రెండు రోజులు మిగిలినప్పుడు దంతవైద్యుడు గుర్తుకు వస్తాడు. నిజానికి ఊరు చేరిన మొదటి వారంలోనే ఇంప్లాంట్ పెట్టించుకొంటే కుట్లు తీసే వరకు అదే వైద్యుని పర్యవేక్షణలో ఉండవచ్చును. పై దవడలో సైనస్ నేలను పైకెత్తి ఎముక పొడి నింపినవారికి ఇది మరింత ముఖ్యం. వారు కొంతకాలం గట్టిగా ముక్కు చీదరాదు, విమాన ప్రయాణం కూడా వైద్యుడు అనుమతించే వరకు మానుకొనవలసి ఉంటుంది.

ఆ తరువాత పైకి ఏమీ కనిపించని నెలలు వస్తాయి. లోపల మాత్రం ఎముక పని చేస్తూనే ఉంటుంది. మర బిగించిన రోజున ఉన్న పట్టు కేవలం యాంత్రికమైనది, గోడలో బిగించిన మేకు పట్టు వంటిది. దెబ్బ తిన్న పాత ఎముకను శరీరం కరిగించి కొత్త ఎముకను పరుస్తుంది. ఈ మార్పిడిలో మూడు నాలుగు వారాల వద్ద పట్టు ఒకసారి తగ్గి మళ్ళీ పెరుగుతుంది. నొప్పి పోయింది కదా అని రోగి గట్టివి నమలడం మొదలుపెట్టేది కూడా సరిగ్గా అప్పుడే. “ఒక్క రోజులో పళ్ళు” అని ప్రకటించే చోట్ల ఆనాడు ఇచ్చేది చాలా వరకు తాత్కాలికమైన తొడుగు. మంచి ఎముక, తగిన రోగి దొరికినప్పుడు అది చెల్లుతుంది, అందరికీ చెల్లదు.

అందుచేత ప్రవాసికి మూడు మార్గాలు ఉన్నాయి. మొత్తం చికిత్స దోహాలోనే చేయించుకొనడం ఒకటి. ఖర్చు ఎక్కువైనా శుక్ర, శనివారాల సెలవులలో, ఒకే వైద్యుని చేతిలో సాఫీగా సాగుతుంది. ఒక సెలవులో మర, మరుసటి సెలవులో తొడుగు పెట్టించుకొనడం రెండవది. మర చిగురు క్రింద ఏడాది ఉన్నంత మాత్రాన చెడిపోదు. అయితే ఆ ఖాళీలోకి ప్రక్క పళ్ళు ఒరగకుండా, ఎదుటి పన్ను దిగకుండా తాత్కాలిక ఏర్పాటు ఏమైనా కావాలా అని వైద్యుని అడగాలి. స్వదేశంలో మర పెట్టించుకొని దోహాలో తొడుగు వేయించుకొనడం మూడవది. ఇదే అన్నిటికంటె చిక్కైనది. ఒక కంపెనీ మరకు మరొక కంపెనీ స్తంభం సరిపోదు, బిగించే పరికరాలు కూడా వేరు. ఒకరు మొదలుపెట్టిన పనిని పూర్తి చేయడానికి వేరొక వైద్యుడు వెనుకాడడం సహజమే. అందువల్ల ఏ కంపెనీ మర వాడబోతున్నారో ముందే తెలుసుకొని, దానికి తొడుగు వేయగల వైద్యుని దోహాలో విచారించి, ఆ తరువాతనే ప్రయాణం కట్టుకొనాలి.

విజిట్ వీసాపై వచ్చే తల్లిదండ్రుల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. వయస్సు ఒక్కటే అడ్డంకి కాదు. చక్కెర వ్యాధి అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమై, ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. మూడు నెలల సగటును చూపే రక్తపరీక్ష ఫలితాన్ని వైద్యునికి చూపాలి. రక్తాన్ని పలుచబరచే మందులను తమంత తాము మానరాదు, వైద్యునికి చెప్పకుండా దాచరాదు. ఎముకల బలానికి వాడే బిస్ఫాస్ఫొనేట్ జాతి మందుల సంగతి తప్పక చెప్పాలి. వాటిని వాడేవారిలో కొందరికి దవడ ఎముక మృతమవుతున్నదని 2003లో వైద్యులు గుర్తించారు. పొగ మరొక శత్రువు. ఉత్తరాంధ్ర పల్లెలలో నిప్పు వైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగిన పెద్దలు ఉంటే, ఇంప్లాంట్ మాట ఎత్తక ముందే అంగిలిని పరీక్ష చేయించడం అవసరం. ఆ అలవాటు అంగిలిపై క్యాన్సరుకు దారితీయగలదు.

చక్కగా ఎంచుకొన్న రోగులలో పదేళ్ళ తరువాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉంటున్నాయి. వాటికి పుచ్చు రాదు, కాని చుట్టూ ఉన్న చిగురుకు జబ్బు రాగలదు. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య మెత్తని నారపొర ఉంటుంది. అన్నంలో రాయి తగిలిన క్షణాన దవడను ఆపేది అదే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అతి బలంగా కొరికినా తెలియదు, చిగురులో చీము మొదలైనా చాలాకాలం నొప్పి పుట్టదు. బ్రష్‌తో తోమేటప్పుడు రక్తం కనిపించడమే తొలి సూచన. ఆ స్థితిలో వచ్చే సెలవు కోసం ఎదురు చూడకుండా దోహాలోనే చూపించుకొనాలి.

అలా చూపించుకొనడానికి వెళ్ళేవారి చేతిలో ఉండవలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. మర కంపెనీ పేరు, నమూనా, పొడవు, వ్యాసం, పెట్టెపై ఉన్న లాట్ సంఖ్య గల స్టిక్కరు, శస్త్రచికిత్స తేదీ, తొడుగు మరతో బిగించినదా సిమెంటుతో అతికించినదా అన్న వివరం, ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలు. బిల్లు మీద “ఇంప్లాంట్ – ఒకటి” అని మాత్రమే వ్రాసి ఇస్తే, పై వివరాలు అడిగి వ్రాయించుకొన్న తరువాతనే వైద్యశాల మెట్లు దిగాలి. టైటానియం మర విమానాశ్రయపు తనిఖీ ద్వారాల వద్ద సాధారణంగా మోత పుట్టించదు. ఎం.ఆర్.ఐ. స్కాన్‌కూ సామాన్యంగా అడ్డు కాదు గాని, స్కాన్ చేసేవారికి ముందుగా చెప్పడం ఆనవాయితీ.