చదువుదాం: గరాజ్‌కి ఏ గడియారం?

గరాజ్‌లో నాన్నగారు కారు కిందో, చెక్కపనిలోనో ఉంటారు. చేతులకి గ్రీజు, జిగురు. జేబులో ఫోన్ ఉన్నా తీయలేరు. అందుకే అక్కడ గోడగడియారం కావాలి.

అంకెలు పెద్దవిగా ఉండాలి. చిన్న ముల్లు, పెద్ద ముల్లు దూరం నుంచే తెలియాలి. రంపపు పొట్టు లోపలికి దూరకుండా అద్దం బిగుతుగా ఉండాలి. అందం సంగతి తరవాత!

అసలు చిక్కు చలితో. మిషిగన్‌లాంటి చోట జనవరిలో గరాజ్ గడ్డకట్టుకుపోతుంది. చలికి మామూలు ఆల్కలైన్ బ్యాటరీ నీరసపడి గడియారం వెనకబడొచ్చు. పూర్తిగా ఆగితే మనకి తెలుస్తుంది. పది నిమిషాలు వెనకబడితే మాత్రం దాన్నే నమ్ముకుని స్కూల్ బస్సు పోగొట్టుకుంటాం. అదే సైజు 1.5 వోల్టుల లిథియం బ్యాటరీ చలికి బాగా ఓర్చుకుంటుంది, ధర ఎక్కువైనా.

కొన్ని గడియారాలు తమంతట తామే టైము సరిచేసుకుంటాయి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి వచ్చే 60 కిలోహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని అందుకుంటాయి. రేకు తలుపులు, ఇనుప గోడలు దాన్ని అడ్డుకుంటాయి. కాబట్టి మేకు కొట్టే ముందు రెండు మూడు చోట్ల పెట్టి, ఒక్కో చోట ఒక్కో రాత్రి ఉంచి చూడండి.

చెప్పండి: మీ ఇంటి గడియారాన్ని ఫోన్‌తో పోల్చి చూడండి. “మా గడియారం ___ నిమిషాలు ముందుంది” అంటారా, “వెనకుంది” అంటారా?