బండి పేరు కాదు, మోత చూడండి: పికప్ రుణాల్లో వేరియంట్ పరిశీలన

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద ధర్సీవా ఒక బ్లాకు కేంద్రం. సిల్తరా పారిశ్రామిక వాడ ఈ బ్లాకులోనే ఉంది. ఒకవైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు; మరోవైపు వరి పొలాలు, కూరగాయల తోటలు. బిలాస్‌పూర్ రైలు మార్గంలో ఇంకొంత ముందుకు వెళ్తే అటుకుల మిల్లులకు పేరుపడ్డ భాటాపారా వస్తుంది. ఇనుము, కూరగాయలు, అటుకులు ఒకే ప్రాంతంలో తిరిగే ఇలాంటి చోట పికప్ కొనుక్కుని బతుకుదెరువు వెతుక్కునే వారు ఎక్కువ. మన తెలుగు రాష్ట్రాల నుంచి ఇటువైపు బదిలీ మీద వచ్చే సహోద్యోగులకు, మదనపల్లె టమాటా బళ్లకో ఒంగోలు గ్రానైట్ వ్యాపారులకో రుణాలిచ్చే వారికి కూడా ఈ పాఠం పనికొస్తుంది.

పికప్ రుణ దరఖాస్తు వచ్చినప్పుడు మనం సిబిల్ స్కోరు, మార్జిను, హామీదారు, రూటు, ఆదాయం అన్నీ చూస్తాం. క్వొటేషన్‌లో మోడల్ పేరు పక్కన ఉండే చిన్న అక్షరాలను మాత్రం చాలాసార్లు దాటేస్తాం. ఒకే పేరుతో 1.3 టన్నుల మోతది, 1.7 టన్నులది, 2 టన్నులది, పొట్టి తొట్టిది, పొడుగు తొట్టిది, డీజిల్‌ది, సీఎన్‌జీది, ఏసీ ఉన్నది, లేనిది విడివిడిగా అమ్ముతారు. మహీంద్రా బొలేరో మ్యాక్స్ పికప్‌లో సిటీ, హెచ్.డి. అని రెండు వరుసలు, వాటి కింద మళ్లీ రకరకాల మోతలు ఉన్నాయి. టాటా యోధా 2.0లో మోత 2 టన్నుల దాకా ఉంది. బండి పేరు ఖాయమైతే పని అయిపోయినట్టు కాదు. సరిపడని వేరియంట్ మొదటి ఆరు నెలలు షోరూమ్ మెరుపులో కనపడదు. ఆ తర్వాత వాయిదా బకాయి రూపంలో మన రిజిస్టర్లోకి వస్తుంది.

మూడు అంకెలు

ప్రతి వేరియంట్‌కూ మూడు అంకెలు అడగండి. మొదటిది స్థూల వాహన బరువు: బండి, డ్రైవరు, సరుకు అన్నీ కలిపి రోడ్డు మీద ఉండదగిన గరిష్ఠ బరువు. రెండోది ఖాళీ బండి బరువు. మూడోది మోత సామర్థ్యం. మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే సుమారుగా మూడోది వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొందరు క్యాబిన్, ఛాసిస్ మాత్రమే కొని, తొట్టి స్థానికంగా కట్టించుకుంటారు. ఆ ఇనుప తొట్టి, పైన పందిరి, అదనపు రేకులు అన్నీ ఖాళీ బండి బరువును పెంచి మోతను తింటాయి. సీఎన్‌జీ బండిలో సిలిండర్ల బరువుకూ ఇదే లెక్క. అమెరికాలో భారీ పికప్‌లు కొనేవారికి కూడా ఈ సంగతి తెలుసు. హంగులు పెరిగిన కొద్దీ బండి బరువెక్కి, అదే ఇంజను, అదే ఛాసిస్ ఉన్నా మోయగల సరుకు తగ్గుతుంది. అందుకే అక్కడ ఆ ఒక్క బండికి వర్తించే మోత అంకెను డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ముద్రిస్తారు. ఖరీదైనది ఎక్కువ మోస్తుందన్న నమ్మకం ఎక్కడైనా తప్పే.

సరుకు ముందు, బండి తర్వాత

ఇనుప ఊచలు: 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకు సుమారు 0.89 కిలోలు తూగుతుంది. 12 మీటర్ల నిలువు ఊచ అంటే దాదాపు 10.7 కిలోలు. ఇలాంటివి 140 ఊచలు వేస్తే 1,500 కిలోలు నిండిపోతాయి. తొట్టి మాత్రం చూడ్డానికి ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ చూసి ఇంకా వేయమనే ఒత్తిడి ఇక్కడే మొదలవుతుంది. ఈ వ్యాపారికి మోత ఎక్కువున్న, వెనుక ఇరుసు గట్టిదైన వేరియంట్ కావాలి. ఎత్తయిన తొట్టి అక్కర్లేదు.

అటుకులు, మరమరాలు: ఇవి బరువుకు ముందే చోటును నింపేస్తాయి. ఈ వ్యాపారికి పొడుగు తొట్టి, ఎత్తయిన పక్కలు, వానకు తడవని కప్పు ముఖ్యం. 2 టన్నుల మోత కొనిపిస్తే సగం సామర్థ్యానికి ఊరికే వడ్డీ కట్టినట్టే.

కూరగాయలు: టమాటా 25 కిలోల క్రేట్లలో పోతుందనుకుంటే 60 క్రేట్లకు 1,500 కిలోలు. ఇక్కడ తొట్టి కొలత క్రేటు కొలతకు సరిపోవాలి. స్థానికులు కన్హార్ అనే నల్ల బంకమట్టి నేలల్లో వానాకాలం పొలం దారులు దిగబడతాయి. నేల నుంచి బండి అడుగు ఎత్తు, టైర్ల సైజు చూడాలి. ఈ మైదానంలో నాలుగు చక్రాల డ్రైవ్ అందరికీ అవసరం పడదు.

చట్టం గీసిన గీతలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. ఆ గీత దాటిన వేరియంట్ తీసుకుంటే పర్మిట్ ఖర్చు, దాని రెన్యూవల్ అంచనాలో చేరాలి. 7,500 కిలోల లోపు బండిని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. కాబట్టి మన పికప్ యజమాని తానే నడుపుకోవచ్చు.

అధిక బరువుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, పైగా అదనపు టన్నుకు 2,000. సరుకు వెనకకో పక్కకో పరిమితి మించి పొడుచుకు వచ్చినా 20,000. పొట్టి తొట్టిలో పొడుగు ఊచలు వేసేవారికి ఇది ముందే చెప్పాలి. అధిక బరువుతో ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌లోనూ చిక్కులు రావచ్చు. అప్పుడు మన హామీ విలువే సందేహంలో పడుతుంది.

అవసరమా, హంగా?

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అంతకు లోపు పికప్‌లలో అది కొనేవారి ఇష్టం. రాయపూర్ ప్రాంతంలో మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. యజమానే రోజుకు పది గంటలు నడిపేటట్టయితే ఏసీ హంగు కాదు, పని సామాను. మండీ సందుల్లో తిరిగే బండికి పవర్ స్టీరింగ్ కూడా అంతే. స్టిక్కర్లు, మ్యూజిక్ సిస్టమ్, రంగు చక్రాలకు రుణం అడిగితే వాటిని విడదీసి చూడండి. సీఎన్‌జీ అడిగితే తిరిగే దారిలో బంకులు ఉన్నాయా, వరుసలో ఎంతసేపు నిలబడాలి అని అడగండి.

లెక్క వేసి చూద్దాం

ఇవి కేవలం ఉదాహరణ కోసం అనుకున్న అంకెలు. 1.3 టన్నుల వేరియంట్‌కూ 1.7 టన్నుల దానికీ ధర తేడా లక్ష రూపాయలు. మార్జిను 15 శాతం పోగా అదనపు రుణం 85,000. వడ్డీ 10 శాతం, గడువు 60 నెలలు అయితే నెలకు పెరిగే వాయిదా 1,806 రూపాయలు.

ఊచలు మోసే వ్యాపారి నెలకు 25 ట్రిప్పులు వేస్తే, ట్రిప్పుకు అదనంగా 400 కిలోల చొప్పున 10 టన్నులు చట్టబద్ధంగా మోయగలడు. టన్నుకు 600 రూపాయల కిరాయి అనుకుంటే 6,000 వస్తుంది. అదనపు డీజిల్, టైర్ల అరుగుదల, పర్మిట్ తీసేసినా వాయిదా తేడా గట్టెక్కుతుంది. చిన్న వేరియంట్ తీసుకుని ఆ 400 కిలోలు దొంగచాటుగా వేస్తే, ఒక్కసారి పట్టుబడినా పోయేది దాదాపు 11 నెలల వాయిదా తేడాకు సమానం.

అటుకుల వ్యాపారి తొట్టి 900 కిలోలకే నిండిపోతుందనుకోండి. అతనికి పెద్ద వేరియంట్ ఇస్తే ఐదేళ్లలో 1,08,360 రూపాయలు ఏ రాబడీ లేకుండా కడతాడు. అదే డబ్బు పందిరికో పని పెట్టుబడికో ఉపయోగపడేది. ఒకే లక్ష రూపాయల తేడా ఒకరికి ఆదాయం, ఇంకొకరికి భారం. నిర్ణయించేది సరుకే.

శాఖలో చేయవలసినవి

1. దరఖాస్తులో సరుకు పేరు, ట్రిప్పుకు బరువు, నెలకు ట్రిప్పులు, దారి రాయించండి. వీలైతే పాత కిరాయి రసీదులు, తూకం చీటీలు చూడండి.

2. క్వొటేషన్‌లో పూర్తి వేరియంట్ పేరు, స్థూల బరువు, మోత, తొట్టి కొలత ఉండాలని డీలరును అడగండి. తొట్టి బయట కట్టిస్తే దాని బరువు, ధర విడిగా తీసుకోండి.

3. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత క్వొటేషన్ అయితే మార్పించండి. కొనేవారు జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి అయి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటుంటే అసలు ఖర్చు ఎంతో తేల్చుకోండి.

4. ముద్రా తరుణ్ పరిమితి 10 లక్షలు. తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా తీర్చిన వారికి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా అవకాశం ఉంది. పరిమితి ఉంది కదా అని పెద్ద వేరియంట్ వైపు నెట్టవద్దు.

5. రుణం విడుదలయ్యాక ఆర్.సి.లో బ్యాంకు హైపోథికేషన్‌తో పాటు స్థూల బరువు, తొట్టి రకం క్వొటేషన్‌తో సరిపోయాయా చూడండి.

6. తనిఖీకి వెళ్లినప్పుడు వెనుక కమాన్ పట్టీలు గమనించండి. కొత్తగా అదనపు పట్టీలు కనిపిస్తే, పక్కలు ఎత్తు పెంచి ఉంటే, బండి మోతకు మించి మోస్తోందని అర్థం. మందలించి వదిలేయకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. వ్యాపారం పెరిగి ఉంటే రెండో బండికో పెద్ద బండికో దారి చూపవచ్చు.

పికప్ కొనే మనిషికి చాలాసార్లు అదే మొదటి పెద్ద అప్పు, ఆ ఇంటికి అదే మొదటి ఆస్తి. షోరూమ్‌లో అతనికి బండి గురించి చెప్పేవారు ఉంటారు. అతని సరుకు గురించి అడిగేవారు మనమే. “ట్రిప్పుకు ఏం వేస్తారు, ఎంత వేస్తారు?” అన్న రెండు ప్రశ్నలు మంజూరుకు ముందే అడిగితే, వసూళ్ల కోసం అతని గడప తొక్కవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.