బలము అను మాట

మన తెలుగులో "బలము" అను మాట మోయు బరువు మరియొక మాట మోయుచున్నదో లేదో నాకు తెలియదు. మా రాయగడ సంతలో చోడి అంబలి త్రాగినవాడు ఒంటికి బలమనును. పెండ్లిపందిటిలో బంధువులు బలగమగుదురు. వ్యాపారికి అంగబలము, అర్థబలము రెండును కావలెనందురు. రాజుల కాలమున బలములనగా సైన్యములే. ఇదే మాట కొంచెము దారి తప్పినచో బలవంతము, మరికొంచెము తప్పినచో బలుపు. మాటకే తనపై కొంత అనుమానము కలదు కాబోలు!

మన శాస్త్రము పది ప్రాణములలో మూడింటిని బలములనియే పిలిచినది: మనోబలము, వచనబలము, కాయబలము. కాయబలమునకు బాహుబలి కథ చాలును. ఆయన పోదనపురమును నిజామాబాదు జిల్లా బోధనుగా పలువురు గుర్తించుచున్నారు. మల్లయుద్ధమున అన్నను గెలిచి, కొట్టుటకెత్తిన పిడికిలితోనే తన కేశలోచము చేసికొనెనని మనవారు చెప్పుదురు.

వచనబలమును మేము ఇచ్చటనే చూచితిమి. నియమగిరిపై బాక్సైటు గనుల వివాదములో కొండవాసుల హక్కులను గ్రామసభలే విచారించవలెనని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే రాయగడ, కలహండి జిల్లాలలోని 12 పల్లెలలో సభలు జరిగినవి. పన్నెండింటను "వద్దు" అనియే అనిరి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించినది. అవి కొండమీది చిన్న పల్లెలు. అచ్చట అంగబలమెంత, అర్థబలమెంత?

మనోబలమును గూర్చి చెప్పుటకు నాకు అర్హత తక్కువ. అయిదు ఆచారములలో వీర్యాచారమొకటి. ఉన్న శక్తిని దాచకుండుటయే దాని అర్థము. లేని శక్తిని తెచ్చుకొమ్మని ఎవరును అనలేదు. మనమో "యథాశక్తి" అను మాటను చందా పుస్తకము ముందు తగ్గింపు ధరవలె వాడుచున్నాము.

కొన్నేండ్ల క్రిందట పర్యూషణమున ఇంట అందరును ఉపవాసము పట్టిరి. నేను మాత్రము శక్తి లేదంటిని. ఆనాడు తెల్లవారుచుండగనే సరుకు లారీ వచ్చినది. బస్తాలు లెక్క తప్పినవి. దింపినవి మరల ఎక్కించి, మరల దింపించి, తూకము సరిచూచునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. రాత్రిభోజనము మనకు లేదు గదా! నీరు తప్ప ఏమియు ముట్టకయే దినము గడచినది. ఆకలి గుర్తుకు రాలేదు. ఉపవాసమంతయు జరిగినది, ప్రత్యాఖ్యానము మాత్రము లేదు.

మా ఇంటివారు దీపము పెట్టుచు, "ఉదయము లేని శక్తి ఎచ్చటినుండి వచ్చినదండీ?" అనిరి. నేను బస్తాల చిట్టా మడిచి జేబులో పెట్టుకొంటిని.