ముద్ర చెఱపిన మైత్రి

మనుజునకు కోపము ఊరక రాదు. పెక్కుమార్లు అవమానమే దానికి తల్లి. చేయని తప్పునకు దోషి యనిపించుకొన్నవాడు మొదట దుఃఖించును. ఏండ్లు గడచినకొలది కఠినుడగును. దండనము ఆ కాఠిన్యమును పెంచునేగాని కరగింపదు. ఓర్పుతో కూడిన ఆప్యాయతయే దానిని కరగింపగలదు. బాపట్లకు సమీపముననున్న స్టూవర్టుపురము కథయు, అచ్చటివారితో చెలిమి చేసిన హేమలతా లవణంగారి జీవితమును ఇందుకు నిదర్శనములు.

పూర్వము ఎరుకలవారిలో పెక్కురు ఎద్దులపైనను, గాడిదలపైనను ఉప్పును, ధాన్యమును వేసికొని ఊరూర తిరిగి అమ్ముకొనెడివారు. కొందరు బుట్టలల్లుచు, సోదె చెప్పుచు జీవించెడివారు. రైళ్లు వచ్చి సరకులను వేగముగా చేరవేయసాగెను. ఉప్పుపై ప్రభుత్వపు అదుపు హెచ్చెను. దానితో వారి వర్తకము చెడినది. నిలుకడలేక తిరుగువారిని ఆంగ్ల ప్రభుత్వము అనుమానముతో చూచెను. 1871లో పుట్టిన నేరజాతుల చట్టమును 1911లో మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. నేరజాతిగా ప్రకటింపబడిన కులమున పుట్టుటయే అనుమానమునకు చాలియుండెను. పేరు నమోదైనవాడు వ్రేలిముద్రలు వేయవలెను. చెప్పినవేళకు హాజరు పలుకవలెను. అనుమతి చీటి లేనిదే ఊరు కదలరాదు.

ఇట్టివారికొరకు 1913లో సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఒక నివాసము ఏర్పడెను. మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారియైన హెరాల్డు స్టూవర్టు పేర దానికి స్టూవర్టుపురమను పేరు వచ్చెను. అచ్చటివారు సేద్యము చేసిరి; కొందరు చీరాల పొగాకు కర్మాగారమున కూలికి పోయిరి. అయినను నుదుటి ముద్ర చెరగలేదు. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయెను గాని లోకుల నోటిమాట పోలేదు. ఎచ్చటనో దొంగతనము జరిగినచో చూపులు ఆ ఊరివైపు తిరిగెడివి. కొందరు నిజముగనే చౌర్యమునకు దిగిరి. తక్కినవారు చేయని నేరమునకు నింద మోసిరి. తమ్ము నమ్మని లోకమును వారును నమ్మలేదు. మంచి చెప్పవచ్చినవారిపై సైతము వారికి ఆగ్రహము కలుగుటలో వింత యేమున్నది?

హేమలతగారు 1932లో వినుకొండలో జన్మించిరి. ఆమె తండ్రి మహాకవి గుఱ్ఱం జాషువ. అస్పృశ్యతవలన ఆయన పడిన అవమానములు అనేకములు. ఆ వేదననే ఆయన 1941లో వెలువడిన 'గబ్బిలము' కావ్యమున నిలిపెను. కావున వెలివేయబడినవాని బాధను ఆమె పుస్తకములలో వెదకనక్కరలేకపోయెను; అది ఆమె ఇంటిలోనే యుండెను. 1960లో ఆమె నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడైన లవణంగారిని వివాహమాడెను. ఆ యేడే మే నెలలో చంబల్ లోయయందు పలువురు బందిపోటులు వినోబాభావే యెదుట ఆయుధములు విడిచిరి. తుపాకి సాధింపలేని దానిని ప్రేమ సాధింపగలదని ఆ సంఘటన దేశమునకు చాటెను.

1974 ప్రాంతమున ఆ దంపతులు స్టూవర్టుపురమున సంస్కరణకార్యమునకు పూనుకొనిరి. కొత్తగా వచ్చినవారు ఎవరి పక్షమువారో యని ఊరివారు శంకించుట సహజము. ఆ శంక ఒక దినమున తీరునది కాదు. మాటకంటె రాకపోకలు ముఖ్యము; ఉపదేశముకంటె వినుట ముఖ్యము. నేరము మానదలచినవానికి ముందు ధైర్యము కావలెను, పిదప బ్రతుకుతెరువు కావలెను. వాని బిడ్డలకు చదువు కావలెను. వాని తరపున అధికారులతో మాటలాడువారు కావలెను. ఇవన్నియు సమకూర్చుట కార్యకర్తల పని. వానిని మనిషిగా చూచి పలుకరించుట అన్నిటికంటె ముందు జరుగవలసిన పని. దొంగయని పిలువబడుటకు అలవడినవాడు తన పేరుతో పిలువబడిననాడు తలయెత్తి చూచును. స్నేహమునకు అదియే మొదటి మెట్టు.

తరువాత ఆమె నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచారమునకు బలియైన స్త్రీలకొరకు పాటుపడెను. వర్నిలో వారికొరకు వెలసిన ఆశ్రయమునకు 'చెల్లి నిలయము' అని పేరు. ఆమె పద్ధతి ఆ పేరులోనే తెలియుచున్నది. దిక్కులేనివారిని ఆమె జాలితో చూడలేదు, చుట్టరికముతో చూచెను. 2008లో ఆమె కన్నుమూసెను.

విద్యార్థులారా! మీ తరగతిలోనో వీధిలోనో ఎల్లరును "వాడంతే" అని తోసివేసిన కోపిష్టి యొకడు ఉండవచ్చును. తప్పు చేసినచో దానిని తప్పనియే చెప్పవలెను. అది స్నేహమునకు విరుద్ధము కాదు. కాని వాని పుట్టుకను, ఊరిని, కులమును జూచి తీర్పు చెప్పరాదు. మీరు మొదటిమారు పలుకరించినప్పుడు వాడు విసుగుకొనవచ్చును. మఱునాడు మరల పలుకరింపుడు.