మీ కిడ్నీ రిపోర్టు మీరే చదువుకోండి

ఉద్దానం ప్రాంత కిడ్నీ బాధితులకు, కుటుంబ సభ్యులకు:

క్రియాటినిన్ 5 దాటితే, డయాలసిస్ లేకపోయినా ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.10,000 పింఛనుకు అర్హత ఉంటుంది. అందుకే రిపోర్టు రాగానే చాలామంది చూసేది ఒక్కటే: ఐదు దాటిందా, లేదా?

కానీ ఐదు అనేది పింఛనుకు పెట్టిన హద్దు. వైద్యం అంతకు ఎంతో ముందే మొదలవ్వాలి. ఐదు దాటేసరికి కిడ్నీల పనితీరు చాలావరకు పోయి ఉంటుంది.

రిపోర్టులో ఏం చూడాలి?

• క్రియాటినిన్: రక్తంలో మిగిలిన వ్యర్థం. పెద్దవారిలో మామూలుగా 1.2 లోపు ఉంటుంది. ల్యాబును బట్టి కొద్దిగా తేడా రావచ్చు. ఇది పెరగకూడదు.

• ఈజీఎఫ్ఆర్: కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె. ఇది తగ్గకూడదు. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్టే.

ఏం చేయాలి?

• నొప్పి లేదు కదా అని ఆగొద్దు. తొలి దశలో నొప్పి, వాపు ఏవీ ఉండకపోవచ్చు.

• ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు సొంతంగా కొని వేసుకోకండి. అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి.

• బీపీ, షుగర్ మందులు మధ్యలో మానకండి.

• నీళ్లు ఎంత తాగాలో డాక్టరునే అడగండి. అందరికీ ఒకే లెక్క ఉండదు.

• పాత రిపోర్టులు పారేయకండి. తేదీల వరుసలో ఫైలులో పెట్టండి. అంకె ఎటు పోతోందో డాక్టరుకు వాటిని బట్టే తెలుస్తుంది.

అంకెలు అర్థం కాకపోతే మీ ఊరి ఏఎన్ఎంకు గానీ, ఆశా కార్యకర్తకు గానీ రిపోర్టు చూపించండి. క్రియాటినిన్ ఒకటిన్నర ఉన్నప్పుడే డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఐదు దాకా ఆగకండి.