గీతకు ఇటు ఎస్.టి., అటు ఎస్.సి.

మన నారాయణపేట దాటి కొద్ది దూరం పోతే గుర్మిట్కల్ వస్తది. అది కర్ణాటక. 1956 నవంబరు 1కి ముందు ఇటు మనమూ, అటు గుల్బర్గా, రాయచూరూ అందరం హైదరాబాదు రాష్ట్రమే. ఆ రోజు భాషల లెక్కన గీత గీసినారు. గోర్‌బోలి తెలుగూ కాదు, కన్నడమూ కాదు గదా! లంబాడీ తండాలు రెండు దిక్కులా పడ్డయి.

1976 నాటి చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగ అయినారు. కర్ణాటకలో వారు షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. మాట ఒక్కటే, సర్టిఫికెట్లు మూడు!

ఇది ఊరికె తెలుసుకునే సంగతి కాదు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పాలమూరు కూలీలు బొంబాయి, పుణె పోతరు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో బొంబాయి చేరిన ఒక ఎస్.టి. విద్యార్థి అక్కడ డాక్టరు సీటు అడిగినాడు. ఒక రాష్ట్రపు ఎస్.టి. హోదా వలస వెంట ఇంకో రాష్ట్రానికి రాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లకూ, హాస్టల్లో ఉన్న పిల్లకూ తేడా ఇక్కడనే పడుతుంది.

మానవశాస్త్రం చదివేటోళ్ళు సరిహద్దును పటంలోనే చూసి ఊకోరు, చుట్టరికం అడుగుతరు. సెలవులకు పోయినప్పుడు మీరూ అడగండి: మేనత్తను ఏ తండాకు ఇచ్చినారు? గీతకు ఇటా, అటా? రాసుకొని రండి, ఈ గోడ మీదనే పటం గీద్దాం.