రక్తపు పోటు: మగ్గపు వారికి నాలుగు మాటలు



పడుగు బిగువు మితిమీరినచో పోగు తెగును. ఆ బిగువు మన చేతికి తెలియును. రక్తనాళములలోని బిగువు మాత్రము తెలియదు; చాలమందికి తలనొప్పియైనను రాదు. అదే రక్తపు పోటు. ఏండ్ల తరబడి అదుపు తప్పినచో పక్షవాతము, గుండెపోటు, మూత్రపిండముల చేటు కలుగవచ్చును. నేతగాని చేయి పడిపోయిన, మగ్గమే ఆగును.

కనుక కొలిపించుకొనుటయే మార్గము. వేరువేరు దినములలో కొలిచినపుడు పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించిగాని యున్నచో అది వ్యాధియే. మనము ఏ రాష్ట్రమున నున్నను, 30 ఏండ్లు నిండిన వారికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష ఉచితము.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. ఆవకాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పును కూడ ఇందులోనే లెక్కింపవలెను. పొగాకు, సారా మానవలెను. మగ్గము దిగి రోజుకొక అరగంట నడువవలెను.

వైద్యుడు మాత్ర లిచ్చినచో విడువక వాడవలెను. "ఒంట్లో కులాసాగానే యున్నది, ఇక మాత్ర లెందుకు?" అని మన ఇండ్లలో పలువురు మానివేయుదురు. పోటు అదుపులో నున్నది ఆ మాత్రల వలననే. మానిన మరల పెరుగును. వైద్యుని అడుగక ఒక్క దినమైనను మానరాదు.